చేయి ఒకటే, లెక్కలు మూడు: అమెరికాలో పిల్లల బేస్‌బాల్ ప్రైవేటు శిక్షణ

క్లుప్తంగా: అమెరికాలో ఎనిమిది తొమ్మిదేళ్ల పిల్లలు కూడా జట్టుతో చేసే సాధన చాలక, విడిగా ఫీజు కట్టి బేస్‌బాల్ నేర్చుకోవడం మామూలైపోయింది. ఈ శిక్షణతో బంతి వేగం, బ్యాటింగు తీరు మెరుగుపడతాయన్నది నిజం. అయితే వాడ లీగు, ఊళ్లు తిరిగి ఆడే ట్రావెల్ జట్టు, ప్రైవేటు కోచ్ ఎవరి బంతులు వాళ్లే లెక్కపెట్టుకుంటారు. పిల్లవాడి చేయి మొత్తం మీద ఎన్ని బంతులు విసిరిందో చెప్పగల పుస్తకం ఎక్కడా ఉండదు. ఒకప్పుడు వృత్తి ఆటగాళ్లకే వచ్చే మోచేతి గాయాలు పదిహేను పదహారేళ్ల వాళ్లకు రావడంలో ఈ లోపానికి పెద్ద పాత్ర ఉంది.

బడి ఉండగా ట్యూషన్

పిల్లల బేస్‌బాల్‌కు అమెరికాలో పాత పునాది లిటిల్ లీగ్. పెన్సిల్వేనియాలోని విలియమ్స్‌పోర్ట్‌లో 1939లో కార్ల్ స్టాట్జ్ మొదలుపెట్టిన ఈ వ్యవస్థ తల్లిదండ్రుల స్వచ్ఛంద సేవ మీదే నడుస్తుంది. ఒక తండ్రి కోచ్‌గా ఉంటాడు, ఒక తల్లి స్కోరు రాస్తుంది, వాడలోని పిల్లలందరికీ ఆడే అవకాశం దొరుకుతుంది. పన్నెండు మంది పిల్లలున్న జట్టులో గంటన్నర సాధన జరిగితే ఒక్కో పిల్లవాడి మీద కోచ్ పెట్టగలిగే శ్రద్ధ ఏడెనిమిది నిమిషాలకు మించదు. ప్రైవేటు శిక్షణ అమ్మేది ఆ మిగతా నిమిషాలనే. బడిలో నలభై మంది మధ్య అర్థం కాని లెక్కను సాయంత్రం ట్యూషన్ మాస్టారి దగ్గర చెప్పించుకోవడం తెలుగువాళ్లకు ఎంత అలవాటో, ఇదీ దాదాపు అలాంటిదే.

లెసన్ సాధారణంగా ఊరి శివార్లలోని గోదాము లాంటి షెడ్డులో జరుగుతుంది. పైకప్పు నుంచి వేలాడే వలలతో పొడవాటి గదులుగా విడగొట్టి, కింద పచ్చటి కృత్రిమ గడ్డి పరుస్తారు. ఒక చివర రబ్బరు కర్ర మీద బంతిని నిలబెట్టే టీ, మరో చివర బంతి విసిరేవాడు నిలబడే దిబ్బలా చెక్కతో కట్టిన మౌండ్, పక్కన బకెట్ నిండా అరిగిపోయిన బంతులు ఉంటాయి. పిల్లవాడు ఒక్కో బంతి విసురుతుంటే కోచ్ ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీస్తాడు. ముందు కాలు నేలను తాకిన క్షణంలో ఆపి, "చూడు, నీ భుజం అప్పుడే తిరిగిపోయింది" అని తెర మీద వేలు పెట్టి చూపిస్తాడు. అరచేతిలో పట్టే రాడార్ ప్రతి బంతి వేగాన్నీ అంకెగా చూపిస్తుంది. వల వెనక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న తల్లో తండ్రో ఆ అంకెను చదువుకుంటారు. అరగంటో, గంటో గడిచాక తరువాతి పిల్లవాడు లోపలికి వస్తాడు.

నేర్పేవాళ్లలో మైనర్ లీగుల్లో (అత్యున్నత స్థాయి మేజర్ లీగ్‌కు కింది మెట్టు వృత్తి పోటీల్లో) కొన్నేళ్లు ఆడి మానేసినవాళ్లు, కళాశాల జట్ల మాజీ ఆటగాళ్లు, ఇంకా చదువుకుంటూ ఆడుతున్నవాళ్లు, శరీర చలన శాస్త్రం చదివినవాళ్లు కూడా ఉంటారు. క్షౌరశాల నడపడానికైనా రాష్ట్రం లైసెన్సు కావాలి గానీ, పదేళ్ల పిల్లవాడికి బంతి విసరడం నేర్పడానికి అలాంటి లైసెన్సేదీ అక్కర్లేదు. లిటిల్ లీగ్ తన స్వచ్ఛంద కోచ్‌ల నేపథ్యాన్ని తనిఖీ చేయించడం తప్పనిసరి చేసింది. సొంతంగా షెడ్డు అద్దెకు తీసుకుని నేర్పే వ్యక్తి విషయంలో ఆ విచారణ బాధ్యత చాలావరకు తల్లిదండ్రుల మీదే పడుతుంది.

గిరాకీ ఎలా పెరిగింది

కారణాల్లో మొదటిది ట్రావెల్ బాల్. వాడ లీగులో అందరికీ చోటుంటుంది. ట్రావెల్ జట్టులోకి మాత్రం పోటీలో ఎంపికైతేనే ప్రవేశం దొరుకుతుంది, వారాంతాల్లో పక్క ఊళ్లకు, పక్క రాష్ట్రాలకు వెళ్లి ఆడాలి. ఎంపిక ఉన్నచోట దానికి సిద్ధం చేసేవాళ్లూ పుట్టుకొస్తారు. హైదరాబాద్‌లో ఐఐటీ ఫౌండేషన్ కోర్సులు ఇంటర్ నుంచి ఆరో తరగతి దాకా దిగివచ్చిన తీరు చూసినవాళ్లకు ఇది కొత్త కాదు. ఒక పిల్లవాడు విడిగా శిక్షణ తీసుకుంటే అతని స్థానం కోసం పోటీ పడే మరో పిల్లవాడి తల్లిదండ్రులకు తీసుకోకపోవడం వెనకబాటుగా కనిపిస్తుంది. ఇద్దరూ తీసుకున్నాక మళ్లీ ఇద్దరూ సమానమవుతారు, ఖర్చు మాత్రం ఇద్దరికీ మిగులుతుంది.

రెండో కారణం కొలత. జేబులో పట్టే రాడార్, బంతి తిరుగుడును లెక్కించే రాప్సోడో యంత్రం, బ్యాట్ చివర బిగించే బ్లాస్ట్ మోషన్ సెన్సర్ వంటివి పదిహేనేళ్లలో సామాన్య కోచ్‌కు అందుబాటులోకి వచ్చాయి. మేజర్ లీగ్ 2015లో అన్ని మైదానాల్లో స్టాట్‌కాస్ట్ అనే కొలత వ్యవస్థను ప్రవేశపెట్టి ప్రతి బంతి వేగాన్నీ తిరుగుడునూ బహిరంగం చేయడంతో, ఆ భాష పిల్లల షెడ్డుల దాకా పాకింది. 1995లో అయోవాలో జెర్రీ ఫోర్డ్ ప్రారంభించిన పర్ఫెక్ట్ గేమ్ లాంటి, ప్రతిభా ప్రదర్శన పోటీలు (షోకేస్‌లు) నడిపే సంస్థలు పిల్లల అంకెలను నమోదు చేసి ర్యాంకులు ఇస్తాయి. ఆట బాగా ఆడుతున్నాడా అన్న ప్రశ్నకు జవాబు చెప్పడం కష్టం. గంటకు ఎన్ని మైళ్లు అన్న ప్రశ్నకు జవాబు తెర మీదే కనిపిస్తుంది. ఫీజు కట్టేవాళ్లకు ఫలితం చూపించాల్సిన వ్యాపారంలో రెండో ప్రశ్నే రాజ్యమేలడం సహజం.

మూడోది పైమెట్టు ఇరుకు కావడం. మేజర్ లీగ్ జట్లు కొత్త ఆటగాళ్లను వరసగా ఎంచుకునే డ్రాఫ్ట్ ఒకప్పుడు 40 రౌండ్లు సాగేది, 2021 నుంచి 20 రౌండ్లకు తగ్గింది. అదే ఏడాది అనుబంధ మైనర్ లీగ్ జట్లను 160 నుంచి 120కి కుదించారు. ఉన్నత పాఠశాలలో ఆడేవాళ్లలో కళాశాల క్రీడల సంఘం ఎన్‌సీఏఏ కిందున్న జట్ల దాకా చేరేది వందకు ఏడెనిమిది మందే. కళాశాల స్కాలర్‌షిప్ మీద ఆశ పెట్టుకునే కుటుంబాలకు ఇంకో లెక్క కూడా తెలియాలి. ఎన్‌సీఏఏ పై శ్రేణి అయిన డివిజన్ 1లో ఒక జట్టు మొత్తానికి ఏళ్ల తరబడి 11.7 స్కాలర్‌షిప్‌లే ఉండేవి, వాటినే రెండు డజన్లకు పైగా ఆటగాళ్లకు ముక్కలుగా పంచేవారు. 2025లో కోర్టు ఆమోదించిన ఒప్పందంతో ఆ పరిమితి తొలగి, ఒప్పందంలో చేరిన కళాశాలల్లో జట్టుకు 34 మంది అన్న హద్దు వచ్చింది. ఇవ్వగల సాయం పెరిగింది గానీ చోట్లు పెరగలేదు.

ఖర్చు సంగతి చూస్తే, ఆస్పెన్ ఇన్‌స్టిట్యూట్ అనే అమెరికా అధ్యయన సంస్థ లెక్క ప్రకారం అమెరికా కుటుంబం పిల్లవాడి ప్రధాన క్రీడ మీద 2024లో సగటున 1,016 డాలర్లు వెచ్చించింది. 2019తో పోలిస్తే ఇది 46 శాతం ఎక్కువ. ఇది అన్ని ఆటలకూ కలిపి వేసిన సగటు. బేస్‌బాల్‌లో ప్రైవేటు లెసన్ ఒక్కటే అరగంటకు 50 డాలర్లు అనుకుని వారానికి ఒకటి చొప్పున నలభై వారాలు వెళితే 2,000 డాలర్లవుతుంది. ట్రావెల్ జట్టు రుసుము, హోటళ్లు, పెట్రోలు, బ్యాట్ల ఖర్చు అందులో కలవలేదు.

లెసన్‌లో నిజంగా మారేది ఏమిటి

మంచి కోచ్ చేతిలో మారేది ప్రధానంగా క్రమం. బంతి వేగం చేతిలో పుట్టదు. వెనక కాలు తోపుతో మొదలై, తుంటి తిరిగి, ఆ తరువాత మొండెం తిరిగి, చివరికి భుజం, మోచేయి, మణికట్టు ఒకదాని వెనక ఒకటి అందుకుంటేనే బంతికి వేగం వస్తుంది. కొరడా విసిరినప్పుడు పిడి దగ్గర మొదలైన కదలిక కొసకు చేరేసరికి ఎలా చురుక్కుమంటుందో ఇక్కడా అదే సూత్రం. పెద్దవాళ్లలో భుజం తిరిగే వేగం సెకనుకు సుమారు 7,000 డిగ్రీలు. మానవ శరీరంలో కొలిచిన కదలికల్లో ఇంతకంటే వేగవంతమైనవి అరుదు. పిల్లల్లో సాధారణంగా కనిపించే తప్పు తుంటి, భుజాలు ఒకేసారి తిరిగిపోవడం. అప్పుడు కాళ్ల బలం వృథా అయి ఆ పనంతా చేతి మీద పడుతుంది. ఈ క్రమాన్ని సరిదిద్దితే అదే వేగానికి మోచేతి మీద పడే భారం తగ్గుతుందని పరిశోధనలు సూచిస్తున్నాయి. ఈ మేరకు ప్రైవేటు శిక్షణ చేతిని కాపాడే పని కూడా చేయగలదు. స్వచ్ఛందంగా వచ్చే తండ్రి కోచ్‌కు దీన్ని కంటితో పట్టుకునే నైపుణ్యం ఉండటం అరుదు.

బ్యాటింగు విషయంలో చిక్కు వేరు. గంటకు 90 మైళ్ల బంతి బ్యాటర్‌ను చేరడానికి సుమారు 0.4 సెకన్లు పడుతుంది. బ్యాట్ తిప్పడానికే అందులో 0.15 సెకను దాకా పోతుంది. కాబట్టి కొట్టడమంటే సగానికి పైగా చూసి నిర్ణయించుకోవడమే. అయితే షెడ్డులో ఎక్కువగా జరిగేది టీ మీద కదలని బంతిని కొట్టడం, లేదా కోచ్ ఒకే తీరుగా వేసే బంతిని పదేపదే కొట్టడం. 1994లో ప్రచురితమైన ఒక ప్రయోగం ఈ విషయంలో ఇప్పటికీ గట్టి ఆధారం. కాలిఫోర్నియాలో ఒక కళాశాల ఆటగాళ్లకు వారానికి రెండుసార్లు చొప్పున ఆరు వారాలు అదనపు సాధన ఇచ్చారు. ఒక బృందానికి పదిహేను ఫాస్ట్‌బాల్‌లు (వేగం బంతులు), ఆపై పదిహేను కర్వ్‌బాల్‌లు (వంపు తిరిగేవి), ఆపై పదిహేను చేంజప్‌లు (వేగం తగ్గించి మోసం చేసేవి) వరసగా వేశారు. ఇంకో బృందానికి అవే నలభై అయిదు బంతులను ఏది వస్తుందో తెలియకుండా కలిపి వేశారు. చివర్లో కలగలుపు పరీక్ష పెడితే మొదటి బృందం సుమారు 25 శాతం, రెండో బృందం సుమారు 57 శాతం మెరుగుపడ్డాయి. అదనపు సాధన లేనివాళ్లు 6 శాతం దగ్గర ఆగిపోయారు.

ఈ ఫలితం తల్లిదండ్రులకు చెప్పే విషయం ఒకటుంది. వరస సాధనలో లెసన్ జరుగుతున్నంతసేపూ దెబ్బలు టపటపా తగులుతుంటాయి, వల వెనక కూర్చున్నవాళ్లకు సంతృప్తిగా ఉంటుంది. కలగలుపు సాధనలో పిల్లవాడు తడబడతాడు, బంతులు తప్పిపోతాయి, ఆ గంట వృథా అయినట్టు కనిపిస్తుంది. ఆటలో పనికొచ్చే నేర్పు మాత్రం ఈ తడబాటులోనే ఎక్కువగా ఒంటబడుతుంది. వచ్చే వారం మళ్లీ రావాలా వద్దా అన్నది తల్లిదండ్రులు ఆ క్షణంలో చూసిన దాని మీద తేల్చుకుంటారు కాబట్టి, చక్కగా కనిపించే లెసన్ వైపే కోచ్ మొగ్గే ప్రమాదం వ్యాపారంలోనే ఇమిడి ఉంది.

ఎదుగుదలను కూడా లెక్కలోకి తీసుకోవాలి. పన్నెండేళ్లకీ పధ్నాలుగేళ్లకీ మధ్య మగపిల్లలు పొడవూ బరువూ పెరుగుతారు, వేగం దానంతటదే వస్తుంది. మైక్ రైనాల్డ్ బృందం 2018లో ప్రచురించిన అధ్యయనంలో 13 నుంచి 18 ఏళ్ల పిచర్లు (బ్యాటర్‌కు బంతి విసిరేవాళ్లు) 38 మంది పాల్గొన్నారు. వాళ్లలో ఒక బృందం ఆరు వారాలు మామూలు బంతి కంటే బరువైన, తేలికైన బంతులతో సాధన చేసింది. ఆ బృందం సగటు వేగం 3.3 శాతం పెరిగింది. ఆ సాధన చేయని బృందంలోనూ మూడింట రెండొంతుల మందికి వేగం పెరిగింది. కాబట్టి రెండేళ్లలో బిడ్డ వేగం పది మైళ్లు పెరిగిందని చెప్పేటప్పుడు అందులో శిక్షణ వాటా ఎంత, వయసు వాటా ఎంత అన్నది విడదీయడం తేలిక కాదు. అదే అధ్యయనంలో ఇంకో అంకె ఉంది: బరువు బంతులు వాడిన బృందంలో 24 శాతం మందికి ఆ శిక్షణలోనో, తరువాతి సీజన్‌లోనో మోచేతి గాయమైంది. వాడని బృందంలో ఒక్కరికీ కాలేదు. చిన్న అధ్యయనమే అయినా, ఎదుగుతున్న పిల్లల విషయంలో దీన్ని పక్కన పెట్టలేం.

వేగం వెంట మోచేయి

బంతి విసిరేముందు చేయి వెనక్కి పూర్తిగా వంగిన క్షణంలో మోచేతి లోపలి వైపు విప్పుకుపోయేంత మెలిక పడుతుంది. వృత్తి పిచర్లలో ఆ మెలిక సగటున 64 న్యూటన్ మీటర్లని, పిల్లల్లో 28 దాకా ఉంటుందని అలబామాలోని బర్మింగ్‌హామ్‌లో డాక్టర్ జేమ్స్ ఆండ్రూస్ నెలకొల్పిన అమెరికన్ స్పోర్ట్స్ మెడిసిన్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు కొలిచారు. మృతదేహాల మోచేతుల్లోని లిగమెంట్లను (ఎముకలను కలిపి పట్టే నారలను) ప్రయోగశాలలో మెలిపెట్టినప్పుడు అవి 32 దగ్గరలోనే తెగాయి. మిగతా భారాన్ని మోసేది చుట్టూ ఉన్న కండరాలు. అవి అలసిపోతే భారం నేరుగా లిగమెంటు మీదికి దిగుతుంది. పన్నెండేళ్ల పిల్లల్లో లిగమెంటు కంటే ముందు దెబ్బతినేది ఎముక పెరిగే చోట ఉండే మెత్తటి పలక. లిటిల్ లీగ్ ఎల్బో అని వైద్యులు పిలిచేది దాన్నే. అది గట్టిపడి ఎముకలో కలిసిపోయాక, అంటే పదిహేను పదహారేళ్లు దాటాక, ఆ భారమంతా లిగమెంటు మోయాలి.

తెగిన లిగమెంటు స్థానంలో శరీరంలోని వేరే చోటు నుంచి టెండన్ (కండరాన్ని ఎముకకు కలిపే నార) తీసి అమర్చే శస్త్రచికిత్సను డాక్టర్ ఫ్రాంక్ జోబ్ 1974 సెప్టెంబరు 25న మొదటిసారి టామీ జాన్ అనే పిచర్‌కు చేశారు. జాన్ 1976లో తిరిగి వచ్చి, ఆ తరువాత 164 మ్యాచ్‌లు గెలిచాడు. ఆ విజయగాథకు ఊహించని మరో ఫలితం ఏర్పడింది: ఆపరేషన్ అయితే చేయి మునుపటికంటే గట్టిపడుతుందన్న అపోహ కొందరు తల్లిదండ్రుల్లో, కుర్రాళ్లలో పాతుకుపోయింది. ఏడాదికి పైగా ఆటకు దూరం కావలసివస్తుందని, తిరిగి పాత స్థాయికి చేరనివాళ్లు ఉంటారని, రెండోసారి తెగేవాళ్లూ ఉంటారని వాళ్లకు ఎవరూ గట్టిగా చెప్పరు. 2007 నుంచి 2011 వరకు అమెరికాలో జరిగిన ఈ శస్త్రచికిత్సల బీమా రికార్డులను పరిశీలించిన ఒక అధ్యయనంలో, చేయించుకున్నవాళ్లలో 56.7 శాతం మంది 15 నుంచి 19 ఏళ్ల వయసువాళ్లేనని తేలింది.

పిచర్ల గాయాల మీద మేజర్ లీగ్ 2024 డిసెంబరులో విడుదల చేసిన 62 పేజీల నివేదిక కూడా వేగం వైపే వేలు చూపించింది. 2008లో లీగు సగటు ఫాస్ట్‌బాల్ వేగం గంటకు 91.3 మైళ్లు, అంటే సుమారు 147 కిలోమీటర్లు. 2024కి అది 94.2 మైళ్లకు, దాదాపు 152 కిలోమీటర్లకు చేరింది. ప్రతి బంతినీ పూర్తి బలంతో విసరడం, ఆ అలవాటు పిల్లల దశలోనే మొదలుకావడం గాయాలకు మూలమని నివేదిక చెప్పింది. భారత మూలాలున్న తల్లి బిడ్డ కుమార్ రాకర్ కథ ఇక్కడ గుర్తుకొస్తుంది. 2019లో వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయం తరఫున డ్యూక్ మీద 19 స్ట్రైకౌట్లు (బంతిని కొట్టనివ్వకుండా అవుట్ చేయడం) సాధించి, ఎదుటి జట్టుకు ఒక్క హిట్ కూడా దక్కని నో హిట్టర్ వేసిన అతన్ని 2021 డ్రాఫ్ట్‌లో న్యూయార్క్ మెట్స్ జట్టు పదో స్థానంలో ఎంచుకుంది. వైద్య పరీక్షల తరువాత చేయి మీద సందేహంతో ఒప్పందం కుదుర్చుకోలేదు. 2022లో టెక్సాస్ రేంజర్స్ మూడో స్థానంలో తీసుకుంది. 2023లో టామీ జాన్ శస్త్రచికిత్స జరిగింది. 2024 సెప్టెంబరులో మేజర్ లీగ్‌లో అడుగుపెట్టాడు. అంతటి ప్రతిభావంతుడికి కూడా చేతి పరిస్థితే ధరను, దారిని నిర్ణయించింది.

తల్లిదండ్రులు ఎక్కువగా అడిగే ప్రశ్న కర్వ్‌బాల్ గురించి. మెలిక బంతి చిన్నప్పుడే నేర్పితే చేయి పోతుందన్నది తరతరాల నమ్మకం. ప్రయోగశాల కొలతల్లో మాత్రం కర్వ్‌బాల్ వేసేటప్పుడు మోచేతి మీద పడే భారం ఫాస్ట్‌బాల్ కంటే ఎక్కువగా కనిపించలేదు. ఎక్కువ బంతులు, తక్కువ విశ్రాంతి, అలసటతో విసరడం, ఈ మూడింటికే గట్టి రుజువు ఉంది. డాక్టర్ ఆండ్రూస్ సంస్థ 2006లో ప్రచురించిన అధ్యయనంలో, ఏడాదికి ఎనిమిది నెలలకు మించి పిచింగ్ చేసిన కుర్రాళ్లకు శస్త్రచికిత్స దాకా వెళ్లే అవకాశం అయిదు రెట్లు, చేయి అలసిపోయాక కూడా తరచూ విసిరినవాళ్లకు 36 రెట్లు ఉన్నట్టు తేలింది. పదేళ్లపాటు 481 మంది పిల్లలను గమనించి 2011లో ప్రచురించిన మరో అధ్యయనంలో, ఏడాదిలో 100 ఇన్నింగ్స్ (బేస్‌బాల్‌లో ఇది మ్యాచ్‌లోని ఒక చిన్న విడత) దాటి పిచింగ్ చేసినవాళ్లకు తీవ్ర గాయం అవకాశం మూడున్నర రెట్లు.

లెక్క ఎక్కడ తప్పుతోంది

నిబంధనలు లేవని చెప్పలేం. లిటిల్ లీగ్ 2007లోనే ఇన్నింగ్స్ లెక్క వదిలి బంతుల లెక్క తెచ్చింది. 9, 10 ఏళ్లవాళ్లకు రోజుకు 75, 11, 12 ఏళ్లవాళ్లకు 85 బంతులు హద్దు. 14 ఏళ్లు, అంతకు తక్కువ వయసువాళ్లు 66 లేదా అంతకు మించి వేస్తే నాలుగు రోజులు విశ్రాంతి తీసుకోవాలి. మేజర్ లీగ్, యూఎస్ఏ బేస్‌బాల్ కలిసి 2014లో తెచ్చిన పిచ్ స్మార్ట్ మార్గదర్శకాలు ఇంకా ముందుకు వెళ్లి, 9 నుంచి 12 ఏళ్ల పిల్లలు ఏడాదిలో కనీసం నాలుగు నెలలు బంతి విసరడం మానేయాలని, అందులో రెండు మూడు నెలలు ఏకధాటిగా ఉండాలని చెబుతాయి. ఉన్నత పాఠశాలల సమాఖ్య 2017 నుంచి ప్రతి రాష్ట్రమూ బంతుల పరిమితి పెట్టి తీరాలంది.

ఈ బంతుల హద్దులన్నీ మ్యాచ్‌లో వేసిన బంతులనే లెక్కిస్తాయి. ఒక పన్నెండేళ్ల పిల్లవాడి వారం ఇలా ఉందనుకుందాం. మంగళవారం లెసన్‌లో చేయి వేడెక్కడానికి 25, మౌండ్ మీద 40 బంతులు. గురువారం జట్టు సాధనలో 50. శనివారం ట్రావెల్ టోర్నమెంట్‌లో ఆట ముందు 30, ఆటలో 60, మధ్యాహ్నం రెండో మ్యాచ్‌లో షార్ట్‌స్టాప్‌గా (రెండు, మూడు బేస్‌ల మధ్య ఫీల్డరుగా) నిలబడి మొదటి బేస్‌కు 20 త్రోలు. ఆదివారం వాడ లీగులో ఆట ముందు 20, ఆటలో 40. ట్రావెల్ జట్టు పుస్తకంలో 60 ఉంది, హద్దు లోపలే. లీగు పుస్తకంలో 40 ఉంది, అదీ హద్దు లోపలే. కోచ్ దగ్గర పుస్తకమే లేదు. చేయి మాత్రం 285 సార్లు విసిరింది. శనివారం 60 వేసిన చేతికి లీగు నిబంధన ప్రకారమైతే మూడు రోజులు విశ్రాంతి రావాలి, కానీ శనివారం మ్యాచ్ ఆ లీగుది కాదు. ఎవరూ తప్పు చేయలేదు, అందుకే ఎవరూ ఆపలేదు.

ఒకే జట్టులో ఒకే రోజు చూసినా ఈ చీకటి భాగం పెద్దదే. ఫ్లోరిడాలో ఉన్నత పాఠశాల పిచర్లను మైదానం పక్కనే నిలబడి లెక్కించిన పరిశోధకులు, మ్యాచ్ రోజున విసిరిన మొత్తం బంతుల్లో 42 శాతం అధికారిక లెక్కలోకి రావని 2018లో చూపించారు. బుల్‌పెన్‌లో (పిచర్లు ఆటలోకి దిగేముందు సిద్ధమయ్యే చోట) వేసినవి, ప్రతి ఇన్నింగ్స్ ముందు చేయి వేడి కోసం వేసినవి అన్నీ అందులో పోయాయి. ప్రైవేటు లెసన్ బంతులు ఈ లెక్కకు కూడా బయటివి.

దీనికి తోడు ఫీజు పద్ధతి ఉంది. గంటకు ఇంత అని తీసుకునే కోచ్‌కు పిల్లవాడు విశ్రాంతి తీసుకునే నాలుగు నెలలు ఆదాయం లేని నెలలు. షెడ్డు అద్దె మాత్రం పన్నెండు నెలలూ కట్టాలి. శీతాకాలంలో జట్టు మ్యాచ్‌లు ఉండవు కాబట్టి ప్రైవేటు శిక్షణకు అదే పంట కాలం. వైద్యులు చేయిని పడుకోబెట్టమనే నెలలే వ్యాపారం చేయిని నిద్రలేపే నెలలు కావడం ఏ ఒక్క కోచ్ దురాశ వల్లా జరిగింది కాదు, ఏర్పాటే అలా ఉంది. దీన్ని గుర్తించి శీతాకాలాన్ని బ్యాటింగు, కాళ్ల బలం, పరుగు మీద పెట్టి బంతి ముట్టుకోనివ్వని కోచ్‌లు ఉన్నారు. వాళ్లను గుర్తుపట్టడానికి రాడార్ అంకె సాయపడదు. గత వారం ఎన్ని వేశావని లెసన్ మొదట్లోనే అడిగి రాసుకుంటాడా, నొప్పి అంటే ఆపేస్తాడా అన్నవే గుర్తులు.

ఇతర చోట్ల ఏం చేశారు

జపాన్‌లో ప్రైవేటు కోచ్ కంటే పాఠశాల జట్టే సర్వస్వం. ఉన్నత పాఠశాలల జాతీయ పోటీ అయిన కోషియెన్ టోర్నమెంట్‌లో ఒకే కుర్రాడు రోజు విడిచి రోజు వందల బంతులు వేయడం ఒకప్పుడు పట్టుదలకు చిహ్నంగా చూసేవారు. 2020 నుంచి వారానికి 500 బంతుల హద్దు పెట్టారు. సంఖ్య పెద్దదే అయినా, పిల్లవాడి చేయి ఒకే జట్టు చేతిలో ఉండటం వల్ల ఆ లెక్కకు ఒక యజమాని ఉన్నాడు. డొమినికన్ రిపబ్లిక్‌లో పరిస్థితి దీనికి విరుద్ధం. అక్కడ బుస్కోన్ అని పిలిచే ప్రైవేటు శిక్షకుడు పన్నెండు పదమూడేళ్ల పిల్లవాణ్ణి చేరదీసి, తిండీ నీడా ఇచ్చి, పదహారేళ్లకు మేజర్ లీగ్ జట్టుతో ఒప్పందం కుదిర్చి బోనస్‌లో వాటా తీసుకుంటాడు. శిక్షణ అక్కడ పెట్టుబడి, ఆ పెట్టుబడి తిరిగి రావడానికి గడువు పదహారేళ్లు. ఆ గడువుకు వేగం కనిపించాలన్న ఒత్తిడి ఎదిగే చేతి మీదే పడుతుంది.

భారతదేశానికి ఈ విషయంలో ఒక నేరు సంబంధం ఉంది. 2008లో ఇక్కడ జరిగిన బంతి విసిరే పోటీలో ఎంపికైన రింకూ సింగ్ (క్రికెటర్ రింకూ సింగ్ కాదు), దినేశ్ పటేల్ అనే ఇద్దరు ఈటె విసిరే కుర్రాళ్లను మాజీ పిచర్ టామ్ హౌస్ కొన్ని నెలలపాటు తీర్చిదిద్దాడు. ఆ ఏడాది చివరికే పిట్స్‌బర్గ్ పైరేట్స్ వాళ్లతో ఒప్పందం చేసుకుంది. నిపుణుడు విడిగా కూర్చోబెట్టి నేర్పితే ఎంత త్వరగా ఎంత సాధించవచ్చో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. కాకపోతే వాళ్లు అప్పటికే ఎముకలు గట్టిపడిన యువకులు. ఆ వేగాన్ని పదకొండేళ్ల పిల్లల మీద ఆశించడం వేరే సంగతి.

క్రికెట్ తెలిసిన కుటుంబాలకు ఇంకో పోలిక ఉపయోగపడుతుంది. ఫాస్ట్ బౌలింగ్‌లో ఎక్కువ భారం నడుం దిగువ ఎముకల మీద పడుతుంది. కుర్ర బౌలర్ల వెన్నులో పగుళ్లు రావడం అందుకే. ఇంగ్లండ్ బోర్డు పదమూడేళ్ల లోపు ఫాస్ట్ బౌలర్లకు ఒక విడతలో అయిదు ఓవర్లు, రోజుకు పది ఓవర్లు అని హద్దు పెట్టింది. దెబ్బ తగిలే చోటు వేరు గానీ దారి ఒకటే: ఎదుగుతున్న ఎముక, మళ్లీ మళ్లీ పడే భారం, చాలని విశ్రాంతి.

తెలుగు కుటుంబాల ముందున్న ప్రశ్న

టెక్సాస్‌లోని ఫ్రిస్కో, న్యూజెర్సీలోని ఎడిసన్, సియాటిల్ పరిసరాల్లో పెరుగుతున్న తెలుగు పిల్లలు తోటివాళ్లతో పాటు లిటిల్ లీగ్‌లో చేరుతున్నారు. తండ్రికి గల్లీ క్రికెట్ తెలుసు, బేస్‌బాల్ తెలియదు. ఇంటి వెనక పెరట్లో నేర్పగలిగింది తక్కువ కాబట్టి ఫీజు కట్టి నేర్పించడం వైపు ఈ కుటుంబాలు ముందే మొగ్గుతాయి. చదువులో ట్యూషన్ల వాతావరణంలో పెరిగినవాళ్లకు "ఎంత ఎక్కువ సాధన చేస్తే అంత మంచిది" అన్న సూత్రం సహజంగా తోస్తుంది. గణితంలో అది చాలావరకు నిజం, ఎందుకంటే అదనంగా పది లెక్కలు చేసినందుకు మెదడులో ఏదీ చిరగదు. చేతి విషయంలో ఆ సూత్రం ఒక హద్దు దాకే పనిచేస్తుంది, ఆ హద్దును ఎప్పుడు దాటామో నొప్పి వచ్చేదాకా తెలియదు.

ఇంట్లో ఒక నోటుపుస్తకం పెట్టి లెసన్, సాధన, రెండు జట్ల మ్యాచ్‌లలో వేసిన బంతులన్నీ తేదీ వారీగా రాయడం ఇప్పటికి అందరికీ అందుబాటులో ఉన్న మార్గం. ఆ పుస్తకాన్ని కోచ్‌కూ, రెండు జట్ల నిర్వాహకులకూ చూపించడం దానికి కొనసాగింపు. ఒకే ఆదివారం రెండు జట్లు పిచింగ్‌కు పిలిస్తే ఎవరికి వద్దనాలో తేల్చుకోవడానికి అందులోని అంకెలే ఆధారమవుతాయి. వ్యవస్థ స్థాయిలో చూస్తే, కొన్ని శిక్షణ కేంద్రాలు గంట ఫీజు మానేసి నెలవారీ సభ్యత్వానికి మారాయి. అలాంటి చోట పిల్లవాడు బంతి పట్టని నెలలో కూడా కేంద్రానికి ఆదాయం ఆగదు కాబట్టి, విశ్రాంతి ఇవ్వమని చెప్పడం కోచ్‌కు నష్టం కాదు. లీగులూ ట్రావెల్ సంస్థలూ ఒకే పిల్లవాడి బంతులను ఉమ్మడి ఖాతాలో నమోదు చేసే రోజు వస్తే ఇంటి నోటుపుస్తకం అవసరం తీరుతుంది. ఫోన్‌లో స్కోరు నమోదు చేసే యాప్‌లు ఇప్పటికే ప్రతి మైదానంలో ఉన్నాయి కాబట్టి అందుకు సాంకేతిక అడ్డంకి పెద్దగా లేదు. పోటీ పడే సంస్థలు తమ ఆటగాళ్ల లెక్కలను ఒకరితో ఒకరు పంచుకోవడానికి ఒప్పుకోవడం దగ్గరే అది ఆగి ఉంది.